2009 స్విఫ్ట్ పెట్రోల్: పోయిన ఇంజిన్‌ను బాగు చేయించాలా, మార్చాలా? ప్రాజెక్టు డైరీ

బండి: 2009 మారుతి స్విఫ్ట్, 1.3 లీటర్ పెట్రోల్. ఇంజిన్ జీ13బీబీ, 1298 సీసీ, నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు. బోర్ (సిలిండర్ వ్యాసం) 74 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 75.5 మి.మీ. తిరిగింది 1,38,000 కి.మీ. 15 ఏళ్లు నిండాక ఆర్‌సీ ఐదేళ్లకు రెన్యూ అయింది, 2029 దాకా ఉంది. ఊరు బెంగళూరు.

ఏం జరిగింది: ఇంజిన్ వెనక వైపు నీళ్లు తిరిగే ఇనప పైపు లోపలి నుంచి తుప్పు పట్టి చిల్లు పడింది. పాత ఓనర్ కాలంలో కూలెంట్ బదులు బోరుబావి నీళ్లే పోస్తూ వచ్చారని పైపు లోపల పేరుకున్న తెల్లటి పెచ్చులు చూస్తే తెలుస్తుంది. కేఆర్ పురం ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి లేచి, కాసేపటికి దానంతట అదే కిందికి దిగింది. ఆ తర్వాత ఇంజిన్ ఆగిపోయింది. ముల్లు దిగడానికి కారణం ఉంది. ఆ సెన్సర్ నీళ్ల వేడిని కొలుస్తుంది. నీళ్లన్నీ పోయాక సెన్సర్ చుట్టూ మిగిలేది ఆవిరీ గాలే, దాంతో అది తక్కువ చూపిస్తుంది. లోపల హెడ్ (సిలిండర్లను పైనుంచి మూసే భాగం) మాత్రం కాలిపోతూ ఉంటుంది. ముల్లు లేచి దిగిందంటే బండి వెంటనే ఆపేయాలి.

మామూలు బీమా పాలసీ ఇలాంటి మెకానికల్ చెడుకు రాదు. కాబట్టి ప్రతి రూపాయీ చేతి నుంచే. అందుకే లెక్క మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

స్టేజ్ 1: ఇంజిన్ విప్పకముందు

గ్యారేజీలో మొదట వినిపించే మాట "విప్పి చూద్దాం సార్". విప్పితే లేబర్ మొదలవుతుంది, వెనక్కి వెళ్లడం కష్టం. విప్పకుండానే తెలుసుకోగలిగినవి చాలా ఉన్నాయి.

ముందు బండి మిగతా భాగం చూశాం. బాడీ తుప్పు పట్టిపోతే ఇంజిన్ గురించి ఆలోచించడమే అనవసరం.

1. నాలుగు వైపులా స్టాండ్ల మీద లేపి, కింద ఫ్లోర్, రన్నింగ్ బోర్డులు, సస్పెన్షన్ బిగించే చోట్లు స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూశాం. ఎక్కడా లోపలికి దిగలేదు.
2. గేర్‌బాక్స్‌లో ఇంజిన్ ఆగేదాకా శబ్దం లేదు, మూడో గేర్ జారలేదు.
3. ఏసీ కూడా అప్పటిదాకా పనిచేసింది. స్టీరింగ్ ర్యాక్ బాగుంది.

తర్వాత ఇంజిన్. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలెక్కువైన టీ రంగులో ఉంది. నీళ్లు కలిశాయి. సిలిండర్లలో నీళ్లు లేవని ప్లగ్గులు తీసి చేత్తో తిప్పి చూసుకున్నాకే స్టార్టర్ కొట్టాం. ఎందుకంటే సిలిండర్‌లో నీళ్లుంటే స్టార్టర్ తోపుకే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో కొలవడం): నాలుగు ప్లగ్గులూ తీసేయాలి, ఫ్యూయల్ పంప్ ఫ్యూజు పీకాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి, బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉండాలి. వీటిలో ఒక్కటి తప్పినా రీడింగ్ తప్పే.

సిలిండర్ 1: 158 పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం)
సిలిండర్ 2: 90
సిలిండర్ 3: 85
సిలిండర్ 4: 160

సర్వీస్ మాన్యువల్ ప్రకారం ఈ ఇంజిన్‌కు స్టాండర్డ్ 199 పీఎస్ఐ, కనీసం 170. ఆ లెక్కన నాలుగూ పోయినట్టే, వేరే గ్యారేజీలో అలాగే చెప్పారు కూడా. అయితే బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి చెన్నైతో పోలిస్తే సుమారు పది శాతం తక్కువ. సిలిండర్ పీల్చే గాలే తక్కువైనప్పుడు గేజ్ కూడా తక్కువే చూపిస్తుంది. ఆ తేడా తీసేస్తే ఇక్కడి స్టాండర్డ్ 179 చుట్టూ, కనీస హద్దు 153 చుట్టూ వస్తాయి. అప్పుడు 1, 4 పాతబడినా బతికే ఉన్నట్టు. పోయింది 2, 3. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే మొదట అనుమానించాల్సింది వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే హెడ్‌కూ సిలిండర్లుండే బ్లాక్‌కూ మధ్య ఉండే సీల్‌ను.

వెట్ టెస్ట్: ప్లగ్ రంధ్రంలో పది మి.లీ. ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. రీడింగ్ పెరిగితే పోయింది రింగులు (పిస్టన్ చుట్టూ ఉండే సీళ్లు), పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. రెండో సిలిండర్ 92 దగ్గరే ఉండిపోయింది. మూడోది 85 నుంచి 112కి పెరిగింది. అంటే మూడో సిలిండర్‌లో గ్యాస్కెట్‌తో పాటు రింగులో, బోరో కూడా దెబ్బతింది.

గాలి టెస్ట్: మూడో పిస్టన్‌ను పైన నిలిపి, గేర్‌లో పెట్టి, కంప్రెసర్ గాలి ఎక్కించాం. రేడియేటర్‌లో బుడగలు వస్తే గ్యాస్కెట్ లేదా క్రాక్. ఆయిల్ మూత దగ్గర సుయ్ మంటే రింగులు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. మాకు బుడగలూ వచ్చాయి, ఆయిల్ మూత దగ్గర శబ్దమూ వచ్చింది, పక్కనున్న రెండో ప్లగ్ రంధ్రంలోంచి గాలీ వచ్చింది. మూడూ పై రీడింగులు చెప్పినవే.

ఖర్చు: బండి మోయించడం 1,800, కంప్రెషన్ గేజ్ 1,400, గాలి టెస్ట్ లేబర్ 1,000.
ఇప్పటివరకు: రూ. 4,200

స్టేజ్ 2: కాగితం మీద లెక్క

ఈ స్థితిలో బండిని 32,000కి తీసుకుంటామన్నారు. ఇదే మోడల్, ఇదే ఏడాది, తిరుగుతున్న బండికి ఇక్కడ 1,40,000 చుట్టూ అడుగుతున్నారు. తేడా 1,08,000. బాగు చేయించే ఖర్చు దానికి చేరితే చేయించడంలో అర్థం లేదు. లోపల ఏం బయటపడుతుందో తెలియదు కాబట్టి అందులో దాదాపు మూడో వంతు పక్కన పెట్టి, 75,000 దగ్గర గీత గీశాను. ఈ గీత విప్పకముందే గీసుకోవాలి. విప్పాక "ఇంత పెట్టాం, ఇంకో ఐదు వేలే కదా" అనే మాట ప్రతి స్టేజ్‌లోనూ వస్తుంది.

దారులు మూడు:

1. హాఫ్ ఇంజిన్: హెడ్ ఫేసింగ్ (కింది భాగాన్ని చదునుగా కోయడం), గ్యాస్కెట్, వాల్వు పని. 25 వేల లోపు. మూడో సిలిండర్ వెట్ టెస్ట్ ఫలితం చూశాక ఇది సరిపోదని అర్థమైంది. పైన బాగు చేసినా కింద అరిగిన రింగులు ఆయిల్ తాగుతూనే ఉంటాయి.
2. ఫుల్ ఇంజిన్: బోరింగ్ (సిలిండర్లను కొంచెం పెద్దగా కోయడం), పిస్టన్లు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్), అన్నీ. అంచనా 70 వేల చుట్టూ.
3. శివాజీనగర్ గుజరీలో (పాత సామాన్ల బజారు) పాత ఇంజిన్: 30 వేలు.

అందరూ 30ని 70తో పోల్చి చెబుతారు. ఆ పోలిక తప్పు. పాత ఇంజిన్ తెచ్చినా దించడం, ఎక్కించడం 9,000. టైమింగ్ బెల్టు, వాటర్ పంప్ ఎంత నడిచాయో తెలియదు కాబట్టి కొత్తవి 4,600. ఎలాగూ విప్పాం కాబట్టి క్లచ్ సెట్ 5,200. తుప్పు పట్టిన పైపు, హోసులు, రేడియేటర్ పని 6,900 ఎలాగూ తప్పదు. ఆయిల్, కూలెంట్ 3,100, సీళ్లు 1,500. మొత్తం 60,300. నిజమైన తేడా పది వేల చుట్టూ మాత్రమే. ఆ పది వేలు మిగుల్చుకోవడానికి లోపల ఏముందో తెలియని ఇంజిన్‌ను కొనాలా అన్నదే అసలు ప్రశ్న.

స్టేజ్ 3: శివాజీనగర్‌లో చూసిన ఇంజిన్లు

గేజ్ వెంట తీసుకెళ్లాను. నేల మీదున్న ఇంజిన్‌కు స్టార్టర్ తగిలించి, బ్యాటరీ వైర్లు పెట్టి, థ్రాటిల్ తెరిచి కంప్రెషన్ చూడొచ్చు. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే మంచి గుర్తు.

మొదటి ఇంజిన్ మీద నంబర్ దగ్గర గ్రైండర్ ఆడించిన గీతలున్నాయి. దాన్ని ముట్టుకోలేదు. నంబర్ చెరిపిన ఇంజిన్ దొంగబండిది కావచ్చు, ఆర్‌సీలోకీ ఎక్కదు.

రెండోది 150, 148, 118, 151. మూడో సిలిండర్ ఇదీ తక్కువే. ఆయిల్ మూత లోపల నల్లటి జిడ్డు గడ్డకట్టి ఉంది. "మన తెలుగువాళ్లే కదా అన్నా, 28కి ఇచ్చేస్తా" అన్నాడు కొట్టాయన. ఏ బండి నుంచి తీశారో కాగితం అడిగితే లేదు.

పాత ఇంజిన్ కొనేవాళ్లకు: బ్లాక్ మీది నంబర్ చదవగలిగేలా ఉండాలి, బిల్లులో ఆ నంబర్ రాయించుకోవాలి, ఆ బండి ఆర్‌సీ కాపీ అడగాలి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వారి వాహన్ సమన్వయ్‌లో నంబర్ కొట్టి దొంగతనం కేసు ఉందేమో చూసుకోవాలి. బిగించాక ఆర్‌టీఓలో ఆర్‌సీ మీద నంబర్ మార్పించుకోవాలి. అది చేయకపోతే బండి అమ్మేటప్పుడూ, రెన్యూవల్ తనిఖీలోనూ ఇరుక్కుపోతారు. పాత బ్లాక్‌నే బాగు చేయిస్తే నంబర్ మారదు, ఈ పనేదీ ఉండదు.

ఫుల్ ఇంజిన్ వైపు మొగ్గాను, ఒక షరతుతో: హెడ్ పనికిరాదని తేలితే అక్కడే ఆగాలి.

ఇప్పటివరకు: రూ. 4,200

స్టేజ్ 4: హెడ్

అసలు కష్టం ఇక్కడే పడ్డాం.

హెడ్ దించాక గ్యాస్కెట్‌లో 2, 3 మధ్య సన్నటి పట్టీ కాలి తెగిపోయి ఉంది. స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని బద్ద) పెట్టి, దాని కింది సందును ఫీలర్ గేజ్ రేకులతో ఆరు దిక్కుల్లో కొలిచాం: నాలుగు అంచులు, రెండు మూలమూలలు. హద్దు 0.05 మి.మీ. మాది మధ్యలో 0.18. బ్లాక్ పైభాగం 0.03, పరవాలేదు.

ప్రెజర్ టెస్ట్‌లో క్రాక్ లేదు. వేడినీళ్లలో ముంచి నీటి దారుల్లో గాలి ఎక్కిస్తే ఎక్కడా బుడగ రాలేదు. ఈ టెస్ట్ ఫేసింగ్ కంటే ముందే చేయించాలి, క్రాక్ ఉన్న హెడ్‌కు ఫేసింగ్ డబ్బు దండగ.

జేసీ రోడ్ దగ్గర ఒక లేత్ షాపులో ఫేసింగ్ చేశారు, 0.15 తీశారు. కింది భాగం చదును హద్దు లోపలికి వచ్చింది. గ్యారేజీకి తెచ్చి క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) పెట్టి, క్యాపులు బిగిస్తే తిరగలేదు. మూడో క్యాప్ వదులు చేస్తే తిరుగుతుంది, బిగిస్తే పట్టేస్తుంది.

కారణం ఇది. వేడికి హెడ్ వంగినప్పుడు కింది భాగం ఒక్కటే వంగదు, మొత్తం హెడ్ వంగుతుంది. పైన క్యామ్ కూర్చునే గూళ్లూ వంగుతాయి. ఫేసింగ్ కింది భాగాన్ని మాత్రమే చదును చేస్తుంది. పైన వంకర అలాగే మిగులుతుంది. అలాగే బిగించేస్తే క్యామ్ గూళ్లు అరిగిపోతాయి, లేదంటే క్యామ్ విరుగుతుంది.

"కొంచెం ఎమరీ కొట్టి గూడు పెద్దది చేస్తే తిరుగుద్ది సార్" అన్నాడు లేత్‌లో కుర్రాడు. మా మేస్త్రిది పలమనేరు, ముప్పై ఏళ్ల అనుభవం. ఆయన హెడ్ చేతిలోకి తీసుకుని "వద్దు నాయనా, గూడు పెద్దదైతే ఆయిల్ ప్రెజర్ నిలబడదు. దీన్ని నిటారు చేసేవాళ్ల దగ్గరికే పోదాం" అన్నాడు. ఆ మాట వల్లే ఈ ఇంజిన్ బతికింది.

పీణ్యలో ఆ పని చేసే షాపు దొరికింది. మందపాటి ఇనప పలక మీద హెడ్‌ను బోర్లించకుండా పెట్టి, రెండు చివర్ల కింద సన్నటి షిమ్ములు వేసి, మధ్యలో కిందికి బిగించి, ఓవెన్‌లో వేడి చేసి నెమ్మదిగా చల్లారనిచ్చారు. మధ్యభాగం వంగిన వైపుకు వ్యతిరేకంగా లాగి, ఆ స్థితిలో లోహాన్ని కుదుటపరచడం ఇది. బయటికి తీశాక క్యామ్ రెండు వేళ్లతో తిరిగింది. వేడెక్కిన అల్యూమినియం మెత్తబడుతుంది కాబట్టి హార్డ్‌నెస్ కూడా చూశారు, పరవాలేదన్నారు.

అయితే హెడ్ నిటారైనప్పుడు మొదట చేసిన చదును మళ్లీ వంకరైంది. ఇంకో 0.10 తీయాల్సి వచ్చింది. మొత్తం 0.25 పోయింది. క్రమం ఇలా ఉండాలి:

1. ప్రెజర్ టెస్ట్
2. క్యామ్ బిగించి తిప్పి చూడడం
3. పట్టేస్తే నిటారు చేయించడం
4. చివర్లో ఫేసింగ్, అదీ ఒక్కసారే, వీలైనంత తక్కువ

0.25 తీస్తే ఒక్కో సిలిండర్‌లో మండే చోటు ఎక్కువలో ఎక్కువ 1 సీసీ తగ్గుతుంది. 9:1 చుట్టూ ఉండే కంప్రెషన్ నిష్పత్తి 9.2 దాకా వెళ్లొచ్చు. మామూలు పెట్రోల్‌తో ఇబ్బంది లేదు. ఇంకోసారి ఫేసింగ్‌కు మాత్రం ఈ హెడ్‌లో పెద్దగా చోటు లేదు.

ఖర్చు: హెడ్ దించిన లేబర్ 3,500, ప్రెజర్ టెస్ట్ 800, మొదటి ఫేసింగ్ 900, నిటారు చేయడం, రెండో ఫేసింగ్ కలిపి 3,800, వాల్వు గైడ్లు, సీళ్లు, ల్యాపింగ్ (వాల్వులు కూర్చునే చోటు నూరడం) 2,600.
ఇప్పటివరకు: రూ. 15,800

స్టేజ్ 5: బ్లాక్, బోరింగ్

ఇంజిన్ దించి, డయల్ బోర్ గేజ్‌తో ప్రతి సిలిండర్‌నూ మూడు ఎత్తుల్లో, రెండు దిక్కుల్లో కొలిచాం. 1, 2, 4 పైన 74.05 దగ్గర ఉన్నాయి. మూడోది పైన 74.11, మధ్యలో 74.07, కింద 74.03. టేపర్ (పైకీ కిందికీ తేడా) 0.08. హద్దు 0.10 కాబట్టి అంకెల్లో పాసే. కానీ గోరు పెట్టి లాగితే గీత తగులుతోంది.

కొలత సరైనదో కాదో ఇలా సరిచూశాం. బోర్ 0.11 పెరిగితే చుట్టుకొలత 3.14 రెట్లు, అంటే 0.35 పెరుగుతుంది. సరైన బోర్‌లో 0.25 గ్యాప్ ఇచ్చే కొత్త టాప్ రింగ్‌ను ఇందులో పెడితే 0.60 రావాలి. ఫీలర్ గేజ్‌తో 0.61 వచ్చింది. బోర్ గేజ్ లేనివాళ్లు కొత్త రింగ్, ఫీలర్ గేజ్ చాలు, అరుగుదల అంచనా వేయొచ్చు.

హోనింగ్ (బోర్ లోపల సన్నగా రుద్దడం) చేసి స్టాండర్డ్ రింగులు వేయడం చవక. గీత ఉన్నంతకాలం ఆయిల్ పైకి వస్తూనే ఉంటుందని దాన్ని వదిలేశాం. 0.25 ఓవర్‌సైజ్‌కు బోర్ చేస్తే భవిష్యత్తులో ఇంకోసారి చోటు మిగులుతుందని నా ఆశ. పిస్టన్లు కొనకముందే, అన్నిటికంటే చెడ్డదైన మూడో సిలిండర్‌ను మాత్రమే ముందు కోసి చూడమన్నాను. 74.22 దాకా వచ్చినా గీత తగిలింది. ఇక 0.50కి వెళ్లక తప్పలేదు. ముందే 0.25 పిస్టన్లు కొని ఉంటే ఆ సెట్ మొత్తం వృథా అయ్యేది.

ఈ ఇంజిన్ కుటుంబమే ఎస్టీమ్‌లో, జిప్సీ కింగ్‌లో కూడా వాడారు, అందుకే జేసీ రోడ్‌లో 0.50 పిస్టన్లు దొరికాయి. బండి పేరు చెప్పి కాదు, పార్ట్ నంబర్ చూసి కొనాలి.

పిస్టన్లు ముందు, చివరి కొలత తర్వాత. నాలుగు పిస్టన్లనూ మైక్రోమీటర్‌తో స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) దగ్గర, పిన్‌కు అడ్డంగా కొలిస్తే 74.47 వచ్చాయి. గ్యాప్ 0.02 నుంచి 0.04 మధ్య ఉండాలి, కాబట్టి బోర్ 74.50కి హోన్ చేయించాం. ఇంజిన్ ఇప్పుడు లెక్క ప్రకారం 1316 సీసీ.

ఖర్చు: ఇంజిన్ దించి విప్పడం 7,500, పిస్టన్లు, రింగులు 8,400, బోరింగ్, హోనింగ్ 3,200.
ఇప్పటివరకు: రూ. 34,900

స్టేజ్ 6: క్రాంక్

నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగులను తినేసింది, షెల్స్ (బేరింగ్ పలకలు) మీద రాగి రంగు కనబడుతోంది. మెయిన్ జర్నల్స్ (క్రాంక్ బ్లాక్‌లో కూర్చునే చోట్లు) బాగున్నాయి. మూడో పిన్ (క్రాంక్ మీద కనెక్టింగ్ రాడ్ కూర్చునే చోటు) గుండ్రం తప్పడం 0.015, హద్దు 0.01. నాలుగు పిన్నులూ 0.25 అండర్‌సైజ్‌కు గ్రైండ్ చేయించి, మెయిన్స్ పాలిష్ మాత్రం చేయించాం. గ్రైండింగ్ తర్వాత ఆయిల్ రంధ్రాల్లో రజను మిగులుతుంది. పెట్రోల్, సన్నటి బ్రష్, తర్వాత గాలి, ఆ వరుసలో కడిగి, గుడ్డ పీలిక శుభ్రంగా బయటికి వచ్చేదాకా వదల్లేదు. ప్లాస్టిగేజ్‌తో (నలిగిన వెడల్పును బట్టి సందు చూపే సన్నటి ప్లాస్టిక్ తీగ) బిగ్ ఎండ్, అంటే రాడ్ కింది బేరింగ్, క్లియరెన్స్ 0.04 వచ్చింది.

ఖర్చు: గ్రైండింగ్ 1,800, బేరింగులు 3,100.
ఇప్పటివరకు: రూ. 39,800

స్టేజ్ 7: బిగింపు, కూలింగ్

హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు దఫాలుగా, టార్క్ రెంచ్‌తో. రింగ్ గ్యాపులు ఒకదాని కింద ఒకటి రాకుండా చూసుకున్నాం. ఇది మాన్యువల్‌లో ఉన్న పనే, ఇక్కడ కొత్తగా చెప్పేదేమీ లేదు.

కూలింగ్ మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాం, ఎందుకంటే ఇంజిన్‌ను చంపింది అదే. వెనక పైపు కొత్తది, హోసులన్నీ కొత్తవి, థర్మోస్టాట్ కొత్తది, రేడియేటర్ విప్పి లోపల పెచ్చులు తీయించాం. కొత్త థర్మోస్టాట్‌ను కూడా వేడినీళ్లలో వేలాడదీసి, తెరుచుకుంటోందని చూశాకే బిగించాం. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. బోరు నీళ్లు ఒక్క చుక్క కూడా వద్దు, ఈ ఊళ్లో వాటికున్న ఉప్పు చాలా ఎక్కువ.

ఒక మార్పు చేశాం. ముల్లు మోసం చేసింది కాబట్టి హెడ్ లోహం వేడినే కొలిచే వేరే సెన్సర్ ఒకటి హెడ్ మీద బోల్టుతో బిగించి, డ్యాష్‌బోర్డులో బజర్‌కు కలిపాం. నీళ్లు ఉన్నా లేకపోయినా ఇది లోహం వేడినే చెబుతుంది. పాత బండ్లన్నిటికీ ఇది పెట్టమని గట్టిగా చెబుతాను.

ఖర్చు: గ్యాస్కెట్ కిట్ 3,400, బెల్టు, వాటర్ పంప్ 4,600, కూలింగ్ 6,900, క్లచ్ 5,200, ఆయిల్, కూలెంట్ 3,100, బిగింపు లేబర్ 9,000, సెన్సర్, బజర్ 1,600.
ఇప్పటివరకు: రూ. 73,600

స్టేజ్ 8: స్టార్ట్, రన్నింగ్ ఇన్ (కొత్త భాగాలు కుదురుకునేదాకా నెమ్మదిగా నడపడం)

ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసి, ప్లగ్గులు లేకుండా, ఆయిల్ లైట్ ఆరేదాకా స్టార్టర్ కొట్టాం. తర్వాతే ప్లగ్గులు, ఫ్యూజు.

స్టార్ట్ అయింది, కానీ వేడి పెరుగుతూ పోతోంది, రేడియేటర్ కింది హోసు మాత్రం చల్లగా ఉంది. బజర్ మోగింది, ఆపేశాం. గాలి ఇరుక్కుంది. ముందు చక్రాలు ర్యాంపు మీద ఎక్కించి, హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి, రేడియేటర్ మూత తీసి, హోసులు పిసుకుతూ, కూలెంట్ పోస్తూ గాలి బయటికి పంపాం. ఆ తర్వాత కింది హోసు వేడెక్కింది, ఫ్యాన్ సరైన సమయానికి తిరిగింది. మూత తీసేది ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది.

మొదటి 1,000 కి.మీ. 3,000 ఆర్‌పీఎం దాటలేదు, ఒకే స్పీడులో ఎక్కువసేపు పోలేదు. 500 దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్చాం, 1,700. వడగట్టి చూస్తే సన్నటి మెరుపు ఉంది, ముక్కలు లేవు.

మొత్తం: రూ. 75,300. 75,000 గీత మీద 300 దాటింది. వదులుకున్న 32,000 కలిపితే ఈ బండి నాకు 1,07,300కి పడింది.

1,000 కి.మీ. దగ్గర కంప్రెషన్:

సిలిండర్ 1: 176
సిలిండర్ 2: 175
సిలిండర్ 3: 172
సిలిండర్ 4: 177

ఈ ఎత్తులో రావాల్సింది 179 చుట్టూ. ఏ రెండు సిలిండర్ల మధ్యా తేడా 14 దాటకూడదు, మాకు 5. ఆయిల్ 1,000 కి.మీ.కి 150 మి.లీ. తగ్గింది. రింగులు కూర్చునే కొద్దీ ఇది ఇంకా తగ్గాలి. కూలెంట్ గీత కదల్లేదు.

మిగిలిన పని: 5,000 దగ్గర టాపెట్ (వాల్వు) గ్యాపులు, మళ్లీ కంప్రెషన్, హెడ్ చుట్టూ ఆయిల్ చెమ్మ ఉందేమో చూడడం. ఆ అంకెలు అప్పుడు ఇక్కడే చేరుస్తాను.